ఆడితేనే మేత

మేత బక్కెట్టు ఎదురుగా పెట్టగానే గుర్రం ముందుకాలు మడిచి దండం పెట్టింది. తినకుండా గుండ్రంగా తిరుగుతూ ఆడసాగింది.

ఒకప్పుడు గుర్రాల నాట్యం పోటీల్లో కప్పులన్నీ దానివే. ముసలిదయ్యాక యజమాని పాకలో కట్టేసి కడుపు మాడ్చాడు. అత్తాకోడళ్ళు నిన్ననే విడిపించి తెచ్చారు.

కోడలు ముచ్చటపడి చప్పట్లు కొట్టింది. గుర్రం మళ్ళీ మొదలెట్టింది.

"ఆపవే. ఆడితేనే తిండని నేర్పారు వెధవలు. ఇవాళైనా తినకపోతే బతకదన్నాడు డాక్టరు," అంది అత్త.

"కాపురానికొచ్చిన కొత్తలో నేనూ అంతే కదత్తయ్యా. మీరు మెచ్చుకున్నాకే తిందామని కూర్చునేదాన్ని."

"నేనెప్పుడు మెచ్చుకున్నానే?"

"అందుకేగా అంత చిక్కిపోయాను."

అత్త నవ్వబోయి ఆగింది. కోడలి భుజం పట్టి గోడవైపు తిప్పింది. తనూ తిరిగింది. "మనం చూడకపోతే తింటుందేమో."

కాసేపటికి వెనక నమిలే చప్పుడు వినిపించింది.

"నువ్వు తిన్నావా?" అంది అత్త, గోడను చూస్తూనే.