ఆరో నెల బరువు

తోడికోడలు కెజియా కొడుకును పడుకోబెట్టగానే ఆసుపత్రిలోని తూకం మిషను పది కిలోలు చూపించింది. అదే వారంలో పుట్టిన జెరూషా కూతురు ఆరున్నర దాటలేదు. జెరూషాకు కడుపు రగిలిపోయింది.

"నా పాలు చాలడం లేదేమోనండీ," అంది నర్సుతో.

"మీ పాప బరువు బాగానే ఉందమ్మా. కెజియాగారూ, బాబే మరీ త్వరగా పెరుగుతున్నాడు. కాన్పప్పుడు బొడ్డుతాడు రక్తం తీసుకున్నాం కదా, అందులోని ప్రోటీన్లకీ ఈ బరువుకీ సంబంధముందేమోనని డాక్టర్లు చూస్తున్నారు. నెలనెలా తీసుకురండి."

"కడుపుతో ఉన్నప్పుడు నాకు షుగరొచ్చిందనేనా అండీ?" అడిగింది కెజియా.

"ఇంకా ఏమీ తేలలేదమ్మా. భయపడకండి."

బయట మామిడికాయల లారీ వెళ్ళేదాకా ఇద్దరూ రోడ్డు పక్కన ఆగారు. కెజియా కళ్ళు తుడుచుకుంది.

"అందరూ వీణ్ణి బొద్దుగా ఉన్నాడని మురిసిపోతుంటే నాకు భయమేస్తుందక్కా. మీ పాపను చూసినప్పుడల్లా కుళ్ళుకునేదాన్ని. నీకు ఏ బెంగా లేదు కదా అని."

జెరూషా తలెత్తలేకపోయింది. ఈ ఆరు నెలల్లో ఆమె ఆ బాబును ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు.

"వాణ్ణి నాకివ్వు. నువ్వు పాపను పట్టుకో," అంది.

చేతుల్లోకి రాగానే వాడు బోసినోటితో నవ్వి, ఆమె చెవిదిద్దు పట్టుకుని లాగాడు.