కిటికీ పక్క సీటు

గురవమ్మ చేట ఒళ్లో పెట్టుకుని నువ్వుల్లో రాళ్లు ఏరుతోంది.

"వీటితో ఉండలు చుట్టేదా, విజయా?"

"ముందు ఏరు అత్తా. ఉండల సంగతి మేం చూసుకుంటాం" అంది కోడలు విజయకుమారి వంటింట్లోంచి. "అక్కడ దొరకతాయో దొరకవో. ఇక్కడి నుంచే తీసకపోవాల."

అక్కడ అంటే గోవా.

గురవమ్మ ఉదయగిరి దాటి చూసిన ఊళ్లు తక్కువ. ఆత్మకూరు, ఒకసారి తిరుపతి, పోయిన వారం నెల్లూరు ఆస్పత్రి. కడుపునొప్పికి స్కానింగు తీయించాడు కొడుకు సురేశ్‌బాబు. డాక్టరుతో లోపల చాలాసేపు మాట్లాడి వచ్చి, గ్యాసంట అని చెప్పాడు. సముద్రాన్ని మాత్రం ఆమె ఇంతవరకు చూడలేదు. పెళ్లయిన కొత్తలో మొగుణ్ని అడిగితే, "నీళ్లేగదే, చెరువు కాడికి పోయి చూడు" అన్నాడు. మళ్లీ ఎవర్నీ అడగలేదు.

అడగకుండానే నెల్లూరు నుంచి వచ్చిన మర్నాడు సురేశ్‌బాబు గోవా మాటెత్తాడు. అప్పట్నుంచే కోడలు సాయంత్రం రెండో కాఫీ కూడా ఇస్తోంది. చక్కెర కూడా సరిగ్గా వేస్తోంది.

వరండాలో మంచం మీద తండ్రీ కొడుకులు కూర్చున్నారు. మనవడు ప్రశాంత్ ఫోనులోంచి తల ఎత్తడం లేదు.

"నాయనా, బీచి ఎదురుగా ఉండే పాకల్లో తినొద్దని అందరూ రాసినారు. చేప వేపుడికి ఒక రేటు, సముద్రం కనబడేదానికి ఇంకో రేటంట."

"తినేటప్పుడు సముద్రమెందుకురా, చేప కనబడితే చాల్దా?"

"వెనక సందులో మెస్సులు ఉండాయి. డ్రైవర్లు తినేవి. కొబ్బరి నూరి పోసిన చేపల పులుసు, అన్నం అడిగినంత. కొబ్బరి బోండాలు కూడా ఆ సందులో కొంటేనే చవక."

"మరి అదో?" సురేశ్‌బాబు బొటనవేలు నోటి దగ్గరికి ఎత్తాడు.

"ఇక్కడ ఒకటి కొనే డబ్బుకు అక్కడ రెండొస్తాయి. హోటల్లో కాకుండా షాపులో కొనుక్కోవాల."

"తండ్రీ కొడుకులు భలే దొరికినార్రా" అంది విజయకుమారి కాఫీ తెచ్చి అత్త పక్కన పెడుతూ. "నాకు పొద్దున్నే ఇడ్లీ ఎక్కడ దొరకతాదో చూడు. బ్రెడ్డు తిని నేను బతకలేను. అయినా అప్పటికి నీసు తినొచ్చునా?"

"తినొచ్చు. అంతా అయినాకే గదా పోయేది."

కార్తీకమాసం సంగతేమో అనుకుంది గురవమ్మ.

"ఇంత దూరమెందుకు నాయనా? మైపాడు దగ్గర గదా."

"సముద్రం ఎక్కడైనా సముద్రమేనమ్మా. మైపాడంటే ఒక పూటలో తిరిగి రావాల. గోవా అయితే వచ్చిన పనీ అవతాది, పిల్లోళ్లు నాలుగు రోజులు ఉన్నట్టూ ఉంటాది."

"నీకు లీవిస్తారా?"

"దీనికి లీవు కాదనేవాడు ఎవడు?" అని నవ్వబోయి ఆగాడు.

"ఎప్పుడంటరా పోయేది?"

మొగుడూ పెళ్లామూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇంకా తెలీదమ్మా. అందుకే తేదీ మార్చుకునే వీలుండే రూము తీసుకున్నాం."

గురవమ్మ చేతులు ఆగిపోయాయి. గోవా మాట విన్నప్పట్నుంచి గొంతులో ఉన్న ప్రశ్న బయటికి వచ్చింది.

"నన్ను కూడా తీసకపోతారంటరా? ఇంటి కాడ కాపలా పెట్టరు గదా?"

ప్రశాంత్ ఫోనులోకి ఇంకాస్త వంగిపోయాడు.

"నిన్ను వదిలిపెట్టి ఎట్లా పోతామమ్మా" అన్నాడు సురేశ్‌బాబు నేల వైపు చూస్తూ. "నీకోసమే గదా ఈ ప్రయాణం."

గురవమ్మ కళ్లు తుడుచుకుంది.

"అట్లయితే ఆ వ్యాను అబ్బాయికి చెప్పి కిటికీ పక్కన సీటు పెట్టించు. సముద్రం వచ్చేటప్పుడు ముందు నేనే చూడాల."

"నవీన్‌కు చెప్తాలే" అని లేచాడు. ఆత్మకూరు నుంచి వ్యాను నడిపే నవీన్ వాళ్లకు తెలిసినవాడే. తండ్రీ కొడుకులు బండేసుకుని బజారుకు వెళ్లారు. విజయకుమారి గుడ్డలు ఉతకడానికి దొడ్లోకి పోయింది.

గురవమ్మ మళ్లీ ఏరడం మొదలుపెట్టింది. ఒక గింజ నోట్లో వేసుకుని చూసింది. మంచి నువ్వులు. నల్లవి, ఉండలకు ఇవే బలం. బెల్లం దండిగా వేస్తే సముద్రం ఒడ్డున కూర్చుని పిల్లోళ్లు ఒకటికి రెండు తింటారు.

మంచం మీద కోడలి ఫోను మోగింది. ఆగి మళ్లీ మోగింది. ఆకుపచ్చది నొక్కితే చాలని ప్రశాంత్ ఎప్పుడో చూపించాడు. నొక్కి చెవి దగ్గర పెట్టుకుంది.

"అక్కా, నవీన్‌ని..." అంటూ అవతల ఏదో అడిగాడు.

గురవమ్మ విన్నది.

"ఊ" అంది.

ఫోను ఉన్నచోటే పెట్టింది. మళ్లీ చేట ముందు కూర్చుంది. మిగిలిన నువ్వుల్లో రాళ్లన్నీ ఏరింది, ఒక్కటి కూడా వదలకుండా. తెల్లగుడ్డలో పోసి మూటగట్టి, చల్లారిపోయిన కాఫీ గ్లాసు పక్కన పెట్టింది. చెప్పులు వేసుకుని, దొడ్డి వైపు ఒకసారి చూసి, ఎవరికీ ఒక్క మాటైనా చెప్పకుండా గేటు తీసుకుని బయటికి నడిచింది.

కాసేపటికి విజయకుమారి తడి చేతులు చీరకు తుడుచుకుంటూ వచ్చింది.

"అత్తా! ఫోను మోగినట్టుండాదే?"

గేటు తెరిచి ఉంది. ఫోను చూసి తిరిగి నవీన్‌కు చేసింది.

"ఏంది నవీనూ, చేసినావు?"

"ఇందాకే అడిగినా గదక్కా. నువ్వు ఊ అన్నావు."

"నేనా? నేను దొడ్లో ఉంటిని. ఏం అడిగినావు?"

"మీ అత్త అస్థికల కుండకు కిటికీ పక్క సీటు పెట్టేదా అని."