చేతికందని స్విచ్

తలనిండా సబ్బు నురగతో ఇంజనీరు స్నానాలగదిలోంచి తొంగిచూశాడు.

"నీళ్లాగిపోయాయే! మోటారు స్విచ్ ఎక్కడేడిసింది?"

"వంటింట్లో, అటక పక్కన," అంది భార్య, ఆఫీసుకి చెప్పులేసుకుంటూ.

తువ్వాలు చుట్టుకుని వంటింట్లోకి పరిగెత్తాడు. కరెంటు ప్లాంట్లు కట్టిన మనిషి. కొత్తవి కట్టించేవాళ్లు లేక ఆర్నెల్లుగా ఇంట్లోనే ఉన్నాడు. మునివేళ్ల మీద లేచాడు, అందలేదు. ఎగిరాడు, తువ్వాలు జారబోయింది.

"ఏ వెధవ పెట్టాడే దీన్నిక్కడ?"

"మీరే పెట్టించారు. ఇల్లు పూర్తికాగానే ఇంకో సైటుకి చెక్కేశారుగా!"

"మరి రోజూ నువ్వెలా వేస్తున్నావ్?"

ఆవిడ తలుపు వెనకనుంచి చీపురుకర్ర తీసి, పైకి చూడకుండానే టక్కున నొక్కింది. మోటారు గుర్రుమంది.

"కట్టడం మీ పని, నడపడం నా పని. ఇన్నేళ్లూ ఇంతే కదండీ!"

ఇంజనీరుకి నిన్నటి ఫోన్ గుర్తొచ్చింది. తను కట్టిన ప్లాంటు మేనేజరు నిన్ననే ఫోన్ చేసి, నడిపే ఉద్యోగానికి రమ్మన్నాడు. "కట్టినవాణ్ణి కాపలా కాయమంటారా?" అని కస్సుమన్నాడు తను.

నురగ కళ్లల్లోకి కారుతుండగానే ఫోన్ తీశాడు.

"సార్, నిన్న నోరు జారాను. ఆ ఉద్యోగానికి వస్తాను. ఇంతకీ అక్కడ స్విచ్‌లన్నీ చేతికి అందుతున్నాయా?"

"అందితే మీతో పనేముందండీ? ఇక్కడ మావాళ్లంతా కర్రలు పట్టుకునే తిరుగుతున్నారు!"