గేటు దగ్గర మసక

“ఇదేనా నువ్వు బిగించిన కెమెరా? మనిషా ఇది, బూజు మూటా?”

పంచాయతీ ఆఫీసు కిటికీలు అదిరేలా అరిచాడు నిత్యానందం. అతను నోరు తెరిస్తే మైకు దండగ. గోడకున్న టీవీలో బొమ్మ నిలిచిపోయి ఉంది. చెరువు గేటు దాటుతున్న మనిషి ఆకారం. లుంగీ కట్టాడని తెలుస్తోంది. ముఖం మాత్రం విరిగిన పాలలా చెదిరిపోయింది.

మెహజబీన్ రిమోట్ పట్టుకుని నిలబడింది. తాడేపల్లిగూడెంలో ఆమెకు సీసీ కెమెరాల షాపుంది. నిత్యానందం పొద్దున్నే ఫోన్లో తిట్టి మరీ పిలిపించాడు.

“మొన్న మధ్యాహ్నం బిగించాక మీకు చూపించానండీ. గేటు గొళ్ళెం కూడా కనపడింది. బాగుందన్నారు.”

“పగలెవడొస్తాడమ్మా, విషం పొయ్యడానికి?”

గుమ్మంలో ఉన్నవాళ్ళు కిసుక్కుమన్నారు. నిత్యానందం వాళ్ళకేసి గుడ్లురిమి చూశాడు. నవ్వులాటగా ఉందా వీళ్ళకి? చేపపిల్లల్ని పెంచే అతని చిన్న చెరువు నిన్న తెల్లారేసరికి తెల్లగా తేలింది. శీలావతి చేపపిల్లలన్నీ వెల్లకిలా పడున్నాయి. నీళ్ళు పురుగుమందు కంపు కొడుతున్నాయి.

ఎవరి పనో అతను అప్పుడే ఊరంతా చాటేశాడు. పక్క చెరువు ఏసోబు. ఒకరి పొడ ఒకరికి గిట్టదు. ఏసోబు చెరువుకి దగ్గరి దారి నిత్యానందం గేటులోంచే. చీకటి పడ్డాక ఏసోబు ఆ గేటు తొక్కకూడదని, తొక్కితే కౌలు వదులుకుని పోవాలని పోయిన వేసవిలో ప్రెసిడెంటు వీరరాఘవమ్మ తీర్పు చెప్పింది. కొల్లేటి పక్కన అంత మంచి చెరువు మరొకటి లేదు. దాని మీద నిత్యానందానికి కన్నుందని ఊళ్ళో అందరికీ తెలుసు. అతనూ దాచుకోలేదు.

“ఏసోబూ, ఇది నువ్వేనా?” వీరరాఘవమ్మ అడిగింది.

“కాదండీ. నేను ఆ గేటు దాటలేదండీ. చుట్టూ తిరిగే ఎల్లానండీ.”

“చర్చిలో నిలబడి ఆ మాట అను,” అన్నాడు నిత్యానందం.

ఏసోబు తల దించుకున్నాడు.

నిత్యానందానికి ఒళ్ళు మండిపోయింది. వాడు అబద్ధమాడుతున్నాడు. చెరువులో నీళ్ళకి గాలి కొట్టే ఏరియేటర్లు వెయ్యడానికి రోజూ రాత్రి ఆ గేటులోంచే పిల్లిలా జారుకుంటాడు. ఆ ముఖం పదిమందికీ చూపించాలనే మోటారు షెడ్డు మీద కెమెరా పెట్టించాడు. దగ్గరుండి ఫోకస్ చేయించాడు. వెనకున్న తన చిన్న చెరువు, దాని అవతలి గట్టు అలుక్కుపోయినా ఫర్వాలేదు, గేటు దగ్గర ముఖం తెలిస్తే చాలన్నాడు. సాయంత్రం దాకా ఫోనులో చూసుకుని మురిసిపోయాడు. ఇంతా చేస్తే చివరికి ఈ మసక.

“చీకట్లో కెమెరా ఇన్‌ఫ్రారెడ్ లైటుతో చూస్తుందండీ,” అంది మెహజబీన్. “అది మన కంటికి కనపడదు. మామూలు వెలుతురు లెన్సులో వంగినంత అది వంగదు. అందుకని పగలు గేటు మీద పెట్టిన ఫోకస్ రాత్రికి వెనక్కి జారిపోద్ది. ఖరీదైన లెన్సుకి ఈ బాధ లేదు. మీరు చవకది చాలన్నారు.”

“అయితే తప్పు నాదంటావు.”

“చీకటి పడేదాకా ఉండి సరిచేసి వెళ్తానన్నానండీ. మీరే ఉండనివ్వలేదు.”

“ఆడపిల్లవి, చీకట్లో గూడెం ఎలా పోతావని జాలిపడి పంపించాను. ఇదా నా మంచితనానికి ఫలితం? నీ షాపుకి తాళం వేయించకపోతే నా పేరు నిత్యానందం కాదు.”

మెహజబీన్ టీవీ వైపు తిరిగింది.

వీరరాఘవమ్మ కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుంది. “నిత్యానందం గారూ, ముఖం తేలకుండా నేను తీర్పు చెప్పలేను. ఏసోబు కౌలు ఏసోబుదే.”

ఏసోబు మొదటిసారి తలెత్తాడు. ఆ తల చూడగానే నిత్యానందం టీవీ ముందుకొచ్చాడు. చేతిదాకా వచ్చిన చెరువు జారిపోతోంది. చేపపిల్లలన్నీ ఊరికే చచ్చాయి.

“తేలుతుందండీ, ఎందుకు తేలదు? అది తేలాకే ఈ బొమ్మ పట్టుకుని ఏలూరు వెళ్ళి కేసు పెడతాను. ఏమ్మా, పెద్దది చెయ్యి.”

“మసకే పెద్దదవుతుందండీ.”

“చెయ్యమన్నానా.”

మెహజబీన్ నొక్కింది. గేటు దగ్గరి మనిషి పొగలా ఉబ్బాడు. ముక్కు లేదు, కళ్ళు లేవు.

“ఫోకస్ వెనక్కి జారిందంటే ఎక్కడికమ్మా?” అడిగింది వీరరాఘవమ్మ.

“గేటుకన్నా దూరంగా ఉన్నవాటి మీదికండీ. పగలు మసగ్గా ఉన్నవి రాత్రి తేటపడతాయి.”

ఆ మాటలు నిత్యానందం చెవికెక్కలేదు. అతని చూపు, పగ, ఆశ అన్నీ ఆ పొగ మనిషి మీదే ఉన్నాయి.

“మాటలాపి ఇంకా పెంచు. టీవీ అంతా పెంచు. ఎవడో ఈ రోజు అందరూ చూడాలి.”

మెహజబీన్ ఇంకా పెంచింది, గేటు దగ్గరి మసక తెర దాటి పక్కకు పోయింది, అవతలి గట్టు మీద వంగి పురుగుమందు డబ్బా తన చెరువులోనే ఒంపుతున్న నిత్యానందం, మీసం వెంట్రుకలతో సహా, టీవీ నిండా తేలాడు.