నల్లపెట్ట ముక్కు

పొద్దున్నే నూకలు చల్లుతున్న నూకరత్నం వీపు పట్టుకుని పెరట్లో కూలబడింది. నల్లపెట్ట మళ్ళీ ఈకలూడిన బోడిపెట్ట మీదెక్కి రక్తం వచ్చేలా పొడుస్తోంది. కోళ్ళఫారాల నుంచి విడిపించిన కోళ్ళను సాకేవాళ్ళు చేతికి పట్టీ కట్టుకుని తీరాలి. ఆ పట్టీ ఉన్నంతసేపూ కోళ్ళకి ఏ నొప్పి పుట్టినా అదే నొప్పి వాళ్ళకీ పుడుతుంది. పట్టీ విప్పితే సర్కారువాళ్ళు వచ్చి కోళ్ళను పట్టుకుపోతారు.

"చంపేస్తాంది మావా! దాని ముక్కు కోసెయ్," అని మొగుణ్ణి కేకేసింది. అంతలోనే అనుమానం వచ్చింది. "నాకు నొప్పెట్టదు కదా?"

"ముక్కంటే గోరు లాంటిదే. గోరు తీస్తే నొప్పేంటే?" అన్నాడు అబ్బులు.

ఫారంలో అందరూ అనే మాటే అది. ఇరవయ్యేళ్ళు అక్కడ కోడిపిల్లల ముక్కులు కోశాడతను. తన చేతిలో ఒక్క పిల్ల కూడా కిక్కురుమనలేదని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాడు.

కత్తి ఎర్రగా కాల్చి తెచ్చాడు. నల్లపెట్టను చంకలో ఇరికించుకుని, తల కదలకుండా వేళ్ళతో బిగించి, ముక్కు కొస మీద కత్తి నొక్కాడు. చుర్రుమంది. కమురు వాసన వేసింది.

వీధి వీధంతా ఉలిక్కిపడేలా నూకరత్నం కేక పెట్టింది. మూతి రెండు చేతులా పట్టుకుని మట్టిలో పడి దొర్లింది. కొరుక్కున్న పెదవి తెగి రక్తం గడ్డం మీదికి కారింది.

అబ్బులు చంకలో పెట్ట కళ్ళు మూసుకుని ఊరకే ఉంది.

"ఏంటే ఆ అరుపు? కోడే కిక్కురుమనలేదు!"

నూకరత్నం నోట్లో రక్తం ఉమ్మేసింది.

"ఆ అరిచింది అదే మావా."