గిటారు వెనక గుంట

"వెనక ఈ గుంట ఎందుకండీ?"

గిటారు కొనడానికొచ్చినవాళ్లు దాన్ని తిరగేసి చూసి తప్పకుండా అడిగే మాట అది.

షాపాయన ఆ మాట కోసమే కాచుకుని ఉంటాడు.

"మా నాన్న పొట్ట కోసం!" అంటాడు.

అందరూ నవ్వుతారు.

"నిజమండీ బాబూ. అప్పట్లో ఎలక్ట్రిక్ గిటారంటే పీటకి తీగలు కట్టినట్టుండేది. కూర్చుంటే చాలు, అంచు వచ్చి డొక్కలో పొడిచేది. మా నాన్న వెనకవైపు చెక్కని ఇలా తొలిచాడు. మోచెయ్యి ఆనేచోట వాలుగా గీశాడు. వేళ్లు చివరి మెట్టుదాకా అందాలని మెడ పక్కన చెక్క కోసేస్తే ఈ రెండు కొమ్ములూ మిగిలాయి. ఇప్పటికీ అదే అచ్చు. మేం పెన్సిల్ గీతంత కూడా మార్చలేదు."

ఆ గిటారు చంకన పిల్లలా ఒదిగిపోతుంది. ఒకసారి పట్టుకున్నవాళ్లు కింద పెట్టడానికి మనసొప్పక షాపంతా తిరుగుతారు.

తండ్రి చేత్తో చేసిన మొదటి గిటారు కౌంటర్ వెనక గోడకి వేలాడుతోంది. రంగు వెలిసింది. అంచుల్లో చెక్క బయటపడింది. తండ్రి పోయాక ఆయన చేతిపని అంటూ మిగిలింది అదొక్కటే. దాన్ని షాపాయన ఎవరినీ ముట్టుకోనివ్వడు.

ఈమధ్య ఒక ముసలావిడ వస్తోంది.

చేతిలో కూరగాయల సంచి. గాజు తలుపు నెట్టుకుని వస్తుంది. ఎవరినీ పలకరించదు. ఒక కొత్త గిటారు తీసుకుని స్టూలు మీద కూర్చుంటుంది. డొక్కకి గట్టిగా హత్తుకుని, బొటనవేలితో లావు తీగ ఒక్కటే మీటుతుంది. కళ్లు మూసుకుంటుంది.

"స్పీకరు వైరు పెట్టనా అమ్మగారూ?" షాపాయన వెనకనుంచి అడిగాడు ఒకసారి.

పలకలేదు.

"వైరు లేకపోతే ఏముంటుందండీ, దోమ పాడినట్టుంటుంది."

అయినా పలకలేదు.

"మహారాణిగారు మనతో మాట్లాడితే నోటి ముత్యాలు రాలిపోతాయి కాబోలు" అని గొణుక్కున్నాడు.

లేచి వెళ్లేముందు ఆవిడ గోడమీది పాత గిటారు వైపు వేలు చూపించింది. ఇమ్మన్నట్టు రెండు చేతులూ చాపింది.

"అదొక్కటీ అడక్కండి. మా నాన్నది." ఆయన తల అడ్డంగా ఊపాడు.

ఆవిడ చిన్నగా నవ్వి వెళ్లిపోయింది. మళ్లీ వచ్చింది. మళ్లీ అదే వేలు, అవే చాచిన చేతులు.

మళ్లీ అదే అడ్డంగా ఊపిన తల.

నిన్న షాపాయన లోపలి గదిలో ఒక గిటారుకి వైర్లు అతుకుతున్నాడు. బయటికొచ్చి చూసేసరికి ఆవిడ కౌంటర్ వెనక ఉంది. పాత గిటారుని గోడకి కాస్త ఎడంగా పట్టుకుని, దాని వెనక గుంటలో అరచెయ్యి పెట్టి నిలబడింది.

"ఏవండీ! చెయ్యి తియ్యండి!"

ఆవిడ కదల్లేదు.

"మిమ్మల్నే! చెబుతుంటే లెక్కలేదా?"

కదల్లేదు.

వెళ్లి మణికట్టు పట్టుకుని లాగేశాడు.

ఆవిడ ఉలిక్కిపడింది. ఆయన మొహంలోకి చూసింది. తల దించుకుని, సంచి మర్చిపోయి వెళ్లిపోయింది.

ఇవాళ మధ్యాహ్నం షాపాయనకి వాళ్లమ్మ అన్నం క్యారేజీ తెచ్చింది.

"ఈ సంచి ఎవరిదిరా?"

"ఎవరో ముసలావిడదిలే. పొగరుమోతు మనిషి. నాన్న గిటారు మీద చెయ్యేసింది. పంపించేశా."

"వాయించడం వచ్చా?"

"వాయించడమా! వైరు కూడా పెట్టనివ్వదు. డొక్కకి ఆనించుకుని, లావు తీగ మీటి, కళ్లు మూసుకుంటుంది. తనలో తనే నవ్వుకుంటుంది."

క్యారేజీ విప్పుతున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది.

"పిలిస్తే పలుకుతుందా?"

"పలికితే పొగరని ఎందుకంటానమ్మా?"

అమ్మ సంచి పట్టుకుని, చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తింది. ఏమీ అర్థంకాక ఆయనా వెనకాలే వెళ్లాడు.

"ఆ తెల్లజుట్టావిడా?" అన్నాడు పక్క గడియారాల షాపతను. "ఎదురు మేడమీద గదిలో ఉండేదండీ. పొద్దున్నే సామాను వ్యాన్లో వేసుకుని ఖాళీ చేసేసింది. ఏ ఊరో మరి, ఎవరికీ చెప్పలేదు."

అమ్మ తిరిగొచ్చింది. గోడమీది గిటారుని తనే కిందికి దించింది.

కొడుకు వద్దనలేదు.

అమ్మ దాన్ని డొక్కకి ఆనించుకుంది. "చూడు, వేలు దూరేంత సందు. నాకు ఇది ఏనాడూ కుదరలేదురా."

"నాన్న పొట్ట కొలతకి చేసుకున్నది నీకెలా కుదురుతుంది?"

"మీ నాన్నకి పొట్టా! ఆ పొట్ట నా చేతి వంట తిన్నాక వచ్చింది. పెళ్లికి ముందు, అద్దెగదిలో దీన్ని చేసేటప్పుడు చీపురుపుల్లలా ఉండేవాడు."

"మరి నాన్నే కదమ్మా అందరికీ అలా చెప్పేవాడు?"

"నలుగురూ నవ్వుతారని చెప్పేవాడు. నాకు మాత్రం అసలు సంగతి చెప్పాడు."

"ఏంటది?"

అమ్మ గుంటలో అరచెయ్యి పెట్టింది. నిన్న ఆవిడ పెట్టినట్టే.

"ఆ గది ఓనరుగారికి ఒక కూతురుండేదిరా. మీ నాన్న ఏది వాయించినా గుమ్మంలో నిలబడి, ఆయన వేళ్లకేసి చూస్తూ ఉండేదిట. పుట్టుకతోనే చెవులు వినపడని ఆ పిల్ల డొక్కకి ఈ చెక్కని ఆనించడం, తీగ మీటడం, ఆ పిల్ల మొహం చూడడం... అలా ఆ పిల్ల నవ్వేదాకా మీ నాన్న దీన్ని తొలుస్తూనే ఉన్నాడు."