చివరి గుండీ

"టీ తొరక కట్టింది. ఇంకా ముట్టలేదేం?" కూతురి కొత్త కోటుకు గుండీ కుడుతూ అడిగాడు దర్జీ.

"మానేశాను నాన్నా. మార్మన్లు టీ తాగరు. పోయిన వారం వాళ్ల చర్చిలో చేరాను. రెండొందల ఏళ్ల కిందట అమెరికాలో కొత్త ప్రవక్త వచ్చాడని నమ్మే క్రైస్తవులు."

సూది వేలిలో దిగింది. ఐదు పూటలా నమాజు తప్పని మనిషి.

"ఎవరు వాళ్ల ప్రవక్త?"

"అడవిలో ఒంటరిగా ప్రార్థించిన కుర్రాడు. తర్వాత దేవదూత వచ్చి బంగారు రేకుల గ్రంథం చూపించాడు. రేకులు చూశామని పదకొండుమంది సంతకాలు కూడా పెట్టారు."

"అందరూ అతని చుట్టపక్కాలే అయ్యుంటారు. నీ చెవిలో బాగానే పువ్వు పెట్టారు తల్లీ." దర్జీ పకపకా నవ్వాడు. అంతలోనే ముఖం బిగుసుకుంది. "మన ప్రవక్తతో ఆ తలుపు మూసుకుంది. ఆయన తర్వాత ఇంకెవరూ లేరు. ఈ కోటు తీసుకుని వెళ్లు. మళ్లీ నా గడప తొక్కకు."

కూతురు లేచింది. చేతులు వణుకుతున్నాయి.

"మన ప్రవక్త గుహలో దేవదూతను చూసి వణుకుతూ ఇంటికొస్తే ఆయన భార్య ఏం చేసిందో చిన్నప్పుడు చెప్పేవాడివి. ఒక్కసారి చెప్పు నాన్నా, వెళ్లిపోతాను."

"ముందు దుప్పటి కప్పింది. సాక్షులెవరని అడగలేదు. ఊరంతా నవ్వినా..."

అలవాటుగా మొదలుపెట్టినవాడు అక్కడ ఆగిపోయాడు. ఆ నవ్వినవాళ్లను ఇన్నేళ్లూ తిట్టిపోస్తూ చెప్పిన కథ అది. ఇందాకటి తన నవ్వు ఇంకా గదిలోనే ఉన్నట్టనిపించింది.

"నువ్వు చేసింది తప్పే. చచ్చేదాకా ఆ మాటే అంటాను."

కోటు తీసి ఆమె భుజాల మీద కప్పాడు.

"కూర్చో. చివరి గుండీ ఇంకా కుట్టలేదు."